బారెడు తాడు

ఎర్రమట్టి దిబ్బల మొదట్లో, కంచె పక్కన
నూకాలు కుర్చీ. దానికి మూడు కాళ్లే,
నాలుగోది ఇటుక.
"తాడు ఒగ్గీకండి బాబూ," అంటుంది రోజూ,
"మొన్న ఎవులో ఒగ్గీసినారు,
నక్క పిల్లల్ని బయిటికి ఈడ్సీసింది ఆ కుక్క."
బాబూ అనిపించుకునే వయసు దాటిపోయింది నాకు.
ముప్పై నాలుగేళ్లు పోర్టులో కలాసీని.
తాడు వదలొద్దని నాకు చెప్పే మనిషి
ఈ ఊళ్లో ఆవిడొక్కతే.

ముంత నా కుక్క. ఆడది.
హుద్‌హుద్ గాలి పడిపోయిన మర్నాడు
విరిగిన సరుగుడు కింద కుయ్యిమంటూ దొరికింది.
ఇంటికి తెచ్చి కొలుముంతలో కూర్చోబెడితే
సరిగ్గా పట్టింది, ఇంకో పేరు వెతకలేదు.
ఇప్పుడు పదకొండు దాటింది. ఒక కంట్లో పాలు పోసినట్టు తెల్లన.
దాని మెడ నుంచి నా మణికట్టు దాకా బారెడు తాడు.
ఓడని గట్టుకి కట్టే లావు తాడులోంచి
ఒక పురి విప్పి, మళ్లీ పేని, నేనే చేసాను.
వాన పడితే ఇప్పటికీ ఉప్పు వాసన.

కలాసీకి కళ్లతో పెద్ద పని లేదు.
కొక్కెం పైన, సరుకు ఓడ కడుపులో,
మధ్యలో తాడు మాట్లాడుతుంది.
కిర్రుమంటే ఆగు. జారితే పక్కకి గెంతు.
ఏమీ అనకపోతే, అప్పుడు భయపడు.
ఏమీ అనని తాడు కిందే
మా గవిరేసు పోయాడు,
టీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే.

ఫాల్గుణం చివర. జీడిపళ్లు రాలి
ఎండలో పులుస్తున్నాయి.
సముద్రం కనపడదు. దిబ్బ అవతల
ఎవరో చాప దులుపుతున్నట్టు వినపడుతుంది.
ముంత చదువుకుంటూ నడుస్తుంది:
ఈ పొదలో రాత్రి కుందేలు,
ఈ గండిలో నక్క,
ఇదిగో పకోడీల కాగితం, దీని దగ్గర మాత్రం ఎక్కువసేపు.
చదువురాని వాణ్ణి, వెనకాలే పోతాను.

రెండో గండి మలుపులో
తాడు ఏమీ అనలేదు.
బిగువు లేదు, వదులూ లేదు.
ఒళ్లు పక్కకి గెంతబోయింది, పాత అలవాటు.
ముంత ముందరికాలు ఒకటి గాల్లోనే ఆగింది.
మొరగలేదు.

చూసాను. రాలిన ఆకులు, ఎర్ర గులక,
ఒక ఎండుపుల్ల.
మళ్లీ చూసాను.
ఆకులు ఊపిరి తీస్తున్నాయి.
అందులో ఒక కన్ను, సగం మూసి,
మా ఇద్దరి మధ్య వేలాడే తాడునే చూస్తున్నట్టు.
కప్పపిట్ట. గూడని ఏమీ లేదు,
ఉత్త నేల,
పొట్ట కింద గుడ్డు అంచు గోరంత.

దాని పొట్టకీ ముంత మూతికీ మధ్య జానెడు.
లాగలేదు. లాగితే మొండికేస్తుంది,
పదకొండేళ్లుగా ఎరుగుదును.
ఒక్కో చుట్టూ గుప్పిట్లోకి తీసుకున్నాను,
గాజు సామాను ఓడలోకి దించినట్టు,
ఒక్కో వేలినీ అడిగి.
గాల్లో కాలు కిందకొచ్చింది, ఒక అడుగు వెనకగా.
అప్పుడు తాడు గుండా
గుండె ఒకటి చేతికి తెలిసింది.
దానిదే అనుకున్నాను. నాదైనా కావచ్చు.

పిట్ట ఎగరలేదు.

కంచె దగ్గర నూకాలు ఫ్లాస్కు మూత తిప్పుతూ
"ఏటైనా అగుపడిందేటి?" అంది.
ఆవిడకి చెబితే చుట్టూ రాళ్లు పేర్చి
కర్ర పట్టుకుని కాపలా కాస్తుంది, తెలుసు.
కానీ ఆవిడ వెనక, ఆపిన స్కూటరు మీద
మెళ్లో కెమెరాలతో ఇద్దరు కుర్రాళ్లు
చెవులు రిక్కించి ఉన్నారు.
"ఏటీ లేదమ్మా, పకోడీల కాగితం," అన్నాను.
ముంత నా వైపు చూసింది, మంచి కంటితో.
వాళ్లు వెళ్లాక చెబుదామని కాసేపు నిలబడ్డాను.
వాళ్లు వెళ్లలేదు. రేపు చెప్పాలి.

సీటు మీద ఎర్రటి అడుగులు చూసి
ఆటోవాడు ఇరవై ఎక్కువడిగాడు. బేరమాడలేదు.
రుషికొండ దాటాక గమనించాను,
తాడు ఇంకా గుప్పిట్లోనే చుట్టి ఉంది,
వేళ్లు తెల్లబడి.